నడుం వంగిన అర

మా ఎల్బీనగర్ ఫ్లాటుకి పుస్తకాల బీరువా అట్టపెట్టెలో పడుకుని వచ్చింది. మరలు బిగించి నిలబెడితే చూడముచ్చటగానే ఉంది. ఏడాది తిరక్కుండా కిందినించి రెండో అర ఉయ్యాలలా జారిపోయింది.

ఆ అరలో ఉన్నవి సూర్యరాయాంధ్ర నిఘంటువు 8 సంపుటాలూ, మా అమ్మ వారపత్రికల్లోంచి విడదీసి బైండు చేయించుకున్న సీరియల్సూను. "నిఘంటువు ఉంచు. ఆ పాతకాగితాలు తూకానికి వేసెయ్యరాదూ?" అన్నారు మావారు. ఒక్క సంపుటం ఎత్తి చూస్తే తెలుస్తుంది, బరువెవరిదో!

దిల్‌సుఖ్‌నగర్ నించి వడ్రంగిని పిలిపించాను. అరని వేలితో తట్టి, "ఇది కట్టె గాదమ్మా, పొట్టు. జిగురేసి అదిమిండ్రు" అన్నాడు. అర పొడవు 3 అడుగులు. నడుమ ఆసరా ఉంటే పొడవు సగమవుతుంది, అదే బరువుకి వంగడం 8వ వంతుకి తగ్గుతుందిట. ఇది ఇంజనీరింగు చదివే మా అమ్మాయి లెక్క. లెక్కతో పనిలేకుండానే అతను అరని బోర్లించి, ముందు అంచు కింద టేకు బద్దని నిలువుగా బిగించాడు (పడుకోబెడితే దండగేనట). అడుగునించీ నడుమ ఆసరాలు నిలబెట్టాడు. ఒరిగిన మూల కింద చెక్కముక్క దోపాడు.

నిఘంటువుని అడుగు అరలోకి దింపాను. అమ్మ సీరియల్స్ రెండో అరలోనే ఉన్నాయి. ఒకదాన్లో ఓ వారం భాగం లేదు. ఆ వారం అమ్మ పురిట్లో ఉందిట, నన్ను కని.