అమ్మతో మైలాపూరు మాడ వీధికి

చెన్నైలో స్థిరపడిన మనవాళ్ళకు దసరా అంటే ముందుగా బొమ్మల కొలువే. మా అమ్మ పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు. వాళ్ళింట్లో కొలువు సంక్రాంతికి పెట్టేవారట. పెళ్ళయి ఈ ఊరు వచ్చాక, చుట్టుపక్కల తమిళుల ఇళ్ళలో చూసి దసరాకు మార్చుకుంది. యాభై ఏళ్ళకు పైగా అలా పెడుతూ వచ్చిన మనిషి, నాలుగేళ్ళ క్రితం మెట్లు అమర్చాక, బొమ్మల పెట్టె ఎక్కడ దాచిందో గుర్తు రాక మంచం మీద కూలబడింది. పరీక్షలు చేసి డాక్టరుగారు డిమెన్షియా అన్నారు.

నిరుటి దసరాకు, పండుగపూట అమ్మను కాస్త తిప్పుదామని సాయంత్రం ఆరు గంటలకు మైలాపూరు ఉత్తర మాడ వీధికి తీసుకువెళ్ళాను. పొరపాటంతా నాదే. కపాలీశ్వరుని కోవెల చుట్టూ ఇసుక వేస్తే రాలని జనం, హారన్లు, కళ్ళు చెదిరే దీపాలు. అమ్మ నా చెయ్యి విదిలించుకుని, "ఎవరు బాబూ నువ్వు? నన్ను మా ఇంటికి పంపించెయ్యి" అని కేకలు పెట్టింది. జనం మూగారు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో ఇతరుల సంతకాలు సరిచూసిన నేను, ఆ వేళ నేనెవరినో రుజువు చేసుకోలేకపోయాను. మా ఆవిడ వచ్చి ఎలాగో సముదాయించి ఆటో ఎక్కించింది.

డాక్టరుగారికి చెబితే మందలించారు. ఈ జబ్బున్న చాలామందికి పొద్దు వాలే వేళకు కలవరం ఎక్కువవుతుందట. మాటలు, పేర్లు పోయినా చేతులకు అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయట. "పండుగ మానకండి, చిన్నది చేసుకోండి" అన్నారు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని అంచనా. అంకెలతో బతికిన నాకు ఆ అంకె చూశాక సిగ్గు కొంచెం తగ్గింది. మన ఊళ్ళోనే 1984లో డాక్టర్ శారదా మీనన్ గారు స్థాపించిన స్కార్ఫ్ సంస్థ ఈ రోగుల కోసం కూడా పనిచేస్తోంది. అవసరమున్నవారు అడిగి తెలుసుకోవచ్చు.

ఈసారి పొద్దున్నే ఏడింటికి బయలుదేరాం. లజ్ దగ్గర మెట్రో తవ్వకాలతో ఆటో చుట్టుతిరిగి వెళ్ళింది. ముందుగా నాగేశ్వరరావు పార్కులో కూర్చున్నాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద వెలసిన పార్కు అది. బొంబాయిలో 1893లో అమృతాంజనం, 1908లో ఆంధ్రపత్రిక మొదలుపెట్టి, 1914లో పత్రికను దినపత్రికగా ఈ ఊళ్ళో నడిపిన మహానుభావుడు. ఆ మాటే అమ్మకు చెబుతూ, జేబులోని అమృతాంజనం సీసా మూత తీసి ఇచ్చాను. వాసన చూసి, "మీ నాన్నకు తలనొప్పి తగ్గిందా?" అంది.

నాన్న పోయి పదకొండేళ్ళు. మొదట్లో "నాన్న లేరు కదమ్మా" అనేవాణ్ణి. విన్న ప్రతిసారీ ఆ కబురు ఆమెకు కొత్తే, ఏడుపూ కొత్తే. ఈసారి "తగ్గిందమ్మా" అన్నాను. అబద్ధమే. ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. కానీ ఆమె హాయిగా నవ్వి, చెట్లకేసి చూస్తూ కూర్చుంది.

మాడ వీధిలో అప్పుడప్పుడే బొమ్మల మీద కప్పిన పట్టాలు తీస్తున్నారు. అమ్మ ఒక్కో బొమ్మ తీసి, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు వినేది. "ఇది బీట వారింది" అని ఒక కృష్ణుణ్ణి వెనక్కి ఇచ్చేసింది. అమ్మే ఆవిడ తిప్పి చూస్తే అడుగున సన్నటి బీట! మూడు వందల యాభై చెప్పిన శెట్టిగారి కొట్టు బొమ్మకు అమ్మ రూపాయిన్నర ఇస్తానంది. ఆవిడ ఏమాత్రం నవ్వకుండా "సరే పాట్టీ, మీకోసం" అంది. మిగతాది నేను వెనక నుంచి అందించాను.

ఇంట్లో శనగలలో రాళ్ళు ఏరడం, మల్లెలు కట్టడం అమ్మ పనులు. ఏరిన శనగలనే మళ్ళీ ఏరేది, మేం మాట్లాడలేదు. పేరంటాళ్ళు వచ్చే వేళకు అమ్మను లోపలి గదిలో ఉంచితే మర్యాదగా ఉంటుందని దగ్గరి బంధువు ఒకరు సలహా ఇచ్చారు. రెండేళ్ళు మేం చేసిందీ అదే! ఈసారి కొలువు పక్కనే కుర్చీ వేశాం. గుగ్గిళ్ళ పొట్లాలు అమ్మే ఇచ్చింది. ఎదురింటావిడకు మూడుసార్లు ఇస్తే మూడుసార్లూ కళ్ళకద్దుకుని తీసుకుంది.

విజయదశమి రాత్రి కొలువులో ఒక బొమ్మను పడుకోబెట్టాలి కదా. హడావిడిలో మేం మరిచిపోయాం. నేను మంచినీళ్ళకు లేచి చూస్తే, అమ్మ చీకట్లో మెట్ల దగ్గర నిలబడి చెక్క రాజునూ రాణినీ పక్కపక్కనే పడుకోబెడుతోంది.

"ఎవరివమ్మా ఈ బొమ్మలు?" అన్నాను.

"ఎవరివో ఏమో బాబూ. పొద్దున్నే మెత్తటి గుడ్డలో చుట్టించు, రంగు పోతుంది" అంది.