టర్బో పెడదామా, వద్దా?

పాలిటెక్నిక్ మెకానికల్ చదివే మేము ఆరుగురం హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. మూడో సంవత్సరం ప్రాజెక్టు కోసం తలా కొంత స్కాలర్‌షిప్పు డబ్బు వేసుకుని, గుడివాడలో పాత మారుతి 800 ఇంజను ఒకటి తూకానికి కొన్నాం. దాన్ని విప్పి, మళ్లీ కట్టి, నడిపించి చూపాలి. అంతవరకూ పేచీ లేదు. టర్బో పెట్టి కడదామా, మామూలుగానే కడదామా అన్న దగ్గర గది రెండు ముక్కలైంది.

టర్బో కావాలన్న వాళ్ల దగ్గర గట్టి ఉదాహరణే ఉంది. మన ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు, బలం నలభై హార్స్‌పవర్ లోపే. 1986 నుంచి మారుతి 800కి మూలమైన ఆల్టో కారునే సుజుకి వాళ్లు జపాన్‌లో 1987లో ‘ఆల్టో వర్క్స్’గా తెచ్చారు. ఇంజను 543 సీసీయే, కానీ టర్బోతో 64 హార్స్‌పవర్! ఈ అంకె విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి పొగే టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని నొక్కి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. టర్బో లేని ఇంజను మాత్రం పిస్టన్ పీల్చుకున్న గాలితోనే సరిపెట్టుకోవాలి.

ఒక ఆదివారం ప్యాసింజరెక్కి బెజవాడ ఆటోనగర్ వెళ్లాం. ఒక కొట్లో డీజిల్ జీపుది పాత టర్బో చూపించారు. ఇరుసు పట్టుకుని కదిపితే పైకీ కిందికీ ఊగింది. నిమిషానికి లక్ష చుట్లు దాటి, ఆయిల్ పొర మీద తేలుతూ తిరగాల్సిన ఇరుసు అది! “అంత పెద్ద టర్బోని తిప్పేంత పొగ మీ బుల్లి ఇంజన్లో ఎక్కడుంది బాబూ?” అని నవ్వాడు పక్క షెడ్డు మేస్త్రి. “ముందు కంప్రెషన్ చూసుకున్నారా?” అనీ అడిగాడు. చూసుకోలేదు.

తిరిగొచ్చి గేజి పెట్టాం. రెండు సిలిండర్లలో 160 దాకా వచ్చింది, మూడో దాంట్లో 105 దగ్గరే ఆగింది. అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే ముల్లు కదల్లేదు. రింగులు అరిగితే ఆయిల్‌తో పెరగాలి. పెరగలేదంటే వాల్వులే కారుతున్నాయన్నమాట. అలాంటి ఇంజన్లోకి అదనపు గాలి తోస్తే వాల్వు కాలిపోవచ్చు, లేదా హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు. ఇంకో ఇంజను కొనే డబ్బు ఆరుగురి ఇళ్లలో ఎవరికీ లేదు. ప్రాజెక్టు పోతే డిప్లొమా చేతికి రాదు. ఆ రాత్రి మళ్లీ ఓట్లు వేసుకున్నాం. టర్బోకి ఒక్కటే వచ్చింది.

తరువాత రెండు రాత్రులు హెడ్డును వరండాలో పెట్టుకుని వాల్వులకు గ్రైండింగ్ పేస్టు రాసి, కర్ర తిప్పినట్టు అరచేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాం. కిరోసిన్ పోసి, చుక్క కారుతుందేమోనని చూడటం, కారితే మళ్లీ తిప్పడం. వాసనకు వార్డెన్ గారు లేచి వచ్చారు. తిడతారనుకుంటే, కాసేపు నిలబడి చూసి, “పొద్దున్నే కడిగేయండి” అని వెళ్లిపోయారు. మూడో సిలిండరు 155కి వచ్చింది.

మేము టర్బోకి వ్యతిరేకులం కాము. 2023లో వచ్చిన మారుతి ఫ్రాంక్స్‌ను టర్బో లేని 1.2 లీటరు ఇంజనుతో 90, టర్బో ఉన్న 1.0 లీటరుతో 100 హార్స్‌పవర్ ఇచ్చేలా రెండు రకాలుగానూ అమ్మారు. అయితే ఆ టర్బో ఇంజను పిస్టన్లూ, పెట్రోలు చిమ్మే పద్ధతీ మొదటినుంచీ టర్బో కోసమే గీసినవి. మాది కార్బురేటరు ఇంజను.

పరీక్షకు వచ్చిన ఎగ్జామినర్ గారు “టర్బో ఎందుకు పెట్టలేదు?” అనే అడిగారు. కంప్రెషన్ అంకెలు రాసిన నోటు పుస్తకం చూపించాం. ఆయన రెండు పేజీలు తిప్పి, స్టార్ట్ చేయమన్నారు. రెండో తాడనకే అందుకుంది.

ఓటు మార్చుకోని ఆ ఒక్కడు మాత్రం ఇప్పటికీ బెజవాడ వెళ్తే ఆ కొట్టు ముందు ఆగి, ఆ టర్బో ఉందో అమ్మేశారో చూసే వస్తాడు.