పాత కారు... నల్లమల దారి!

ఆత్మకూరు అనగానే 'ఏ ఆత్మకూరు?' అని అడగడం మామూలే. నెల్లూరు జిల్లాలో ఒకటుంది. అనంతపురం జిల్లాలో ఒకటుంది. తెలంగాణకు వెళ్తే వనపర్తి జిల్లాలో మరొకటి. ఇవి చాలవన్నట్టు నంద్యాల దగ్గర్లోనే బండి ఆత్మకూరు. మాది ఇవేవీ కాదు. నల్లమల అంచున, శ్రీశైలం వెళ్లే దారిలో ఉన్న ఆత్మకూరు. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత నంద్యాల జిల్లా. మాది బండి ఆత్మకూరు కాకపోయినా, ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఓ బండి కథే!

మా నాన్న 1998లో కొన్న తెల్ల మారుతీ 800 అది. ఆ రోజుల్లో మా వీధిలో కారంటే అదొక్కటే. పెళ్లికూతురిని తెచ్చింది, పురిటి నొప్పులతో ఉన్నవాళ్లను నంద్యాల ఆసుపత్రికి చేర్చింది, నా చేత డ్రైవింగ్ నేర్పించుకుంది. నాన్న పోయాక నాకొచ్చింది. 2014 జనవరిలో ఆ కంపెనీ 800 తయారీ ఆపేసినప్పుడు, 'ఇంక దీన్ని పాత ఇనుముకు వేసెయ్' అన్నారు స్నేహితులు. మనసొప్పలేదు. అలా నడుపుతూనే ఉన్నా... ఆ కార్తీకమాసం ప్రయాణం దాకా.

ఆ మలుపు దగ్గర...

ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు బయల్దేరితే కాసేపటికే బైర్లూటీ వస్తుంది. అక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు. గేటు దాటామంటే ఇక అడవే. టేకు, నల్లమద్ది, వెదురు. మధ్యలో రోళ్లపెంట. ఎక్కుతూ, దిగుతూ, మెలికలు తిరుగుతూ దోర్నాల దాకా దాదాపు 60 కిలోమీటర్లు. ఇదంతా నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. దీనికి 'ప్రాజెక్ట్ టైగర్'లో చోటు దక్కింది 1983లో. మొదటి మారుతీ 800 రోడ్డెక్కిందీ అదే ఏడాది, డిసెంబరులో!

రెండేళ్ల కిందట అమ్మను తీసుకుని శ్రీశైలం బయల్దేరా. వెనక సీట్లో అమ్మ, ఆమె ఒళ్లో స్టీలు క్యారియర్. బైర్లూటీ దాటాక ఓ ఎడమ మలుపు. వేగం యాభై కూడా లేదు. మలుపులో వరసగా నాలుగైదు గతుకులు. ముందు చక్రాలు దాటేశాయి. వెనక చక్రాలు మాత్రం గతుకు గతుకుకీ ఎగిరి, కారు వెనక భాగాన్ని పక్కకు నెట్టేశాయి. సరిగ్గా అప్పుడే ఎదురుగా లారీ. ఆ డ్రైవరు ఎవరోగానీ చల్లగా ఉండాలి... తన బండిని మట్టిలోకి దించేశాడు. మాకూ లారీకీ మధ్య జానెడు ఖాళీ ఉందేమో. నేను కారు పక్కకు ఆపి, చేతుల వణుకు తగ్గేదాకా స్టీరింగ్ పట్టుకునే కూర్చున్నా. క్యారియర్ మూత ఊడి మజ్జిగంతా అమ్మ చీర మీద. ఆమె ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం, 'ఇంక నేను కార్లో రానులే నాయనా. బస్సులో పోతా' అంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

పొట్టి చేద్దామనుకున్నా!

ఏం చేయాలో తెలియక వీడియోలు చూడటం మొదలుపెట్టా. పొట్టి స్ప్రింగులు వేసి కారును నేలకు దించడం, వెడల్పాటి టైర్లు, పెద్ద చక్రాలు... అలా చేస్తే మలుపుల్లో కారు ఒరగదట. సరే చేయించేద్దామని ఆత్మకూరులో మా పాత మెకానిక్ భాయ్ దగ్గరికి వెళ్లా. నాన్న కాలం నుంచీ ఈ కారును చూస్తున్న మనిషి. నేను చెప్పిందంతా విని, కారు ముందుకెళ్లి బానెట్ మూలను రెండు చేతులతో గట్టిగా అదిమి వదిలాడు. కారు ఊగింది. ఒకసారి, రెండుసార్లు, మూడు, నాలుగు...

'చూసినారా సార్, ఉయ్యాల మాదిరి ఊగుతాంది. ఇంజన్ గుండె బాగుంది. కాళ్లు పోయినాయి. మీరేమో కాళ్లు బాగుచెయ్ అనకుండా, నరికి పొట్టి చెయ్ అంటున్నారు!' అని నవ్వేశాడు.

తర్వాత కారును పైకి లేపి ఒక్కొక్కటీ చూపించాడు. షాకబ్జర్ల నుంచి నూనె కారి, దానికి దుమ్ము పట్టి నల్లగా గడ్డకట్టింది. రబ్బరు బుష్‌లు పగిలి పొడిపొడి అవుతున్నాయి. ఒక బాల్ జాయింట్ చేత్తో కదిపితే కదులుతోంది. టైర్ల మీద గాడి ఇంకా ఉందిగానీ రబ్బరు రాయిలా గట్టిపడింది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ లెక్కన నా టైర్లు తొమ్మిదేళ్ల ముసలివి! ఇన్నేళ్లుగా నేను చూసుకున్నది ఇంజన్ ఆయిలూ, బ్యాటరీ మాత్రమే.

స్ప్రింగు మోస్తుంది... షాకబ్జర్ ఆపుతుంది

చాలామందికి ఈ రెండింటికీ తేడా తెలియదు. నాకూ తెలియదు. బరువును మోసేది స్ప్రింగు. గుంతలో పడితే అణుగుతుంది, మళ్లీ లేస్తుంది. దాన్ని అలా వదిలేస్తే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపేది షాకబ్జర్. దాని లోపల నూనె, సన్నటి రంధ్రాల్లోంచి దూరుతూ కదలికను నెమ్మదింపజేస్తుంది. నూనె కారిపోయిందంటే ఇక స్ప్రింగుకు కళ్లెం లేనట్టే. ఆ మలుపులో మా కారు వెనక చక్రాలు గంతులేసింది అందుకే.

వెనకటి గుర్రబ్బళ్లకూ, ఇప్పటి లారీలకూ ఉండేవి కమాను కట్టలు. ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి. మారుతీ 800 ముందు చక్రాలకు మాత్రం స్ప్రింగూ షాకబ్జరూ కలిపి ఒకే స్తంభంలా ఉంటాయి. దీన్ని రూపొందించింది 1940ల్లో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు. తక్కువ చోటు, తక్కువ ఖర్చు. అందుకే ప్రపంచమంతా చిన్న కార్లకు అదే వాడుతున్నారు.

మరి పొట్టి స్ప్రింగుల సంగతేంటి? గట్టి స్ప్రింగు వేస్తే నున్నటి రోడ్డు మీద కారు ఒరగదన్నది నిజమే. రేసు ట్రాకు అయితే బాగుంటుంది. మా రోడ్లు అలాంటివి కావు. నంద్యాల వైపు నేలంతా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన తారు రోడ్డు రెండు మూడేళ్లకే అలలు అలలుగా తయారవుతుంది. అలాంటిచోట గట్టి స్ప్రింగు వేస్తే గతుకు గతుకుకీ చక్రం నేలను వదిలేస్తుంది. గాల్లో ఉన్న చక్రం మలుపూ తిరగదు, బ్రేకుకూ ఆగదు. కారు మొత్తాన్నీ రోడ్డుకు పట్టి ఉంచేది నాలుగు టైర్ల కింద అరచేతంత చోటే. అది నేలను వదలకుండా చూడటమే సస్పెన్షన్ పని. పైగా కారును నేలకు దించితే మా ఊళ్లో మొదటి స్పీడ్ బ్రేకరుకే అడుగు గీరుకుంటుంది.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలను, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఎలాగూ తనిఖీకి వెళ్లాల్సిందే. అరిగిన భాగం తీసి అదే కొలతలో కొత్తది వేసుకుంటే ఏ చిక్కూ లేదు.

వారం రోజుల వైద్యం

భాయ్ రాసిచ్చిన చీటీ పట్టుకుని కర్నూలు వెళ్లి సామాన్లు తెచ్చా. నాలుగు షాకబ్జర్లు... పాత కొలతవే, కాకపోతే గ్యాస్ నింపినవి. ఎడతెగని గతుకుల్లో మామూలు షాకబ్జర్‌లో నూనె నురగ కట్టి పట్టు తప్పుతుంది. లోపల నైట్రోజన్ ఒత్తిడితో ఉంటే ఆ నురగ తగ్గుతుంది. మేం చేసిన 'మెరుగు' అంటే ఇదొక్కటే. మిగతావన్నీ కారుకు పుట్టుకతో ఉన్నవే. అదే ఎత్తు స్ప్రింగులు, బుష్‌లు, బాల్ జాయింట్లు, 145/70 ఆర్12 టైర్లు.

'ఒకపక్కది బాగుంది కదా భాయ్, రెండోదే మారుద్దాం' అన్నా, డబ్బు చూసుకుని. ఒప్పుకోలేదు. 'ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాత చెప్పు ఏసుకుని కొండెక్కుతారా సార్?' అన్నాడు. షాకబ్జర్లు ఎప్పుడూ జతగానే మార్చాలి. లేకపోతే బ్రేకు కొట్టినప్పుడు కారు ఓ పక్కకు లాగుతుంది. ముందు స్ప్రింగు విప్పేటప్పుడు మాత్రం నన్ను దూరంగా నిలబెట్టాడు. నొక్కి పట్టే పరికరం లేకుండా విప్పితే అది ఎగిరి తగిలి ప్రాణం మీదకు తెస్తుందట. ఇంట్లో సొంతంగా ప్రయత్నించే పని కాదన్నమాట. చివరగా వీల్ అలైన్‌మెంట్. అది చేయించకపోతే కొత్త టైర్లు కొన్ని నెలలకే ఓ పక్క అరిగిపోతాయి.

మొత్తం ఖర్చు ఓ మంచి సెల్‌ఫోను ధరంత. వెలుగోడు రోడ్డు మీద నడిపి చూశా. పాతికేళ్ల కిందట నాన్న నడుపుతుంటే పక్క సీట్లో కూర్చున్నప్పటి కారు గుర్తొచ్చింది. అలల రోడ్డు మీద ఒకసారి కిందకు, ఒకసారి పైకి... అంతే, కుదురుకుంటోంది.

మళ్లీ అదే దారి

అమ్మను ఒప్పించడానికి నెల పట్టింది. 'వేగంగా పోనంటేనే వస్తా' అంది. మాటిచ్చా. గేటు రాత్రిపూట మూసేస్తారు కాబట్టి ఉదయం తెరిచే వేళకు బైర్లూటీలో ఉన్నాం. చలి. అడవి మీద పొగమంచు. ఓ కణుజు రోడ్డు దాటుతుంటే ఆగి, అది వెళ్లిపోయాకే కదిలాం. సస్పెన్షన్ బాగుపడింది కదా అని వేగం పెంచే దారి కాదిది. ఇక్కడ రోడ్డు మీద మనకన్నా ముందు హక్కు వాటిదే.

ఆ ఎడమ మలుపు వచ్చింది. గతుకులు అలాగే ఉన్నాయి. నాకు గుండె దడ. గేరు తగ్గించి, మలుపుకు ముందే బ్రేకు వేసి, నెమ్మదిగా తిప్పా. టకటకమని చిన్న చప్పుడు. కారు గీత గీసినట్టు తిరిగింది. అద్దంలోంచి అమ్మను చూశా. ఆమె కిటికీలోంచి వెదురు పొదలు చూస్తోంది. ఆ మలుపు ఇదేనని గుర్తుపట్టనేలేదు.

దోర్నాలలో టీ తాగి, అక్కడి నుంచి మరో 50 కిలోమీటర్లు. శిఖరేశ్వరం దగ్గర ఆగాం. సాక్షి గణపతికి హాజరు వేయించుకున్నాం. మల్లన్న దర్శనం అయ్యాక చెట్టు కింద కూర్చుని అమ్మ క్యారియర్ విప్పింది. పైగిన్నెలో మజ్జిగ. మూత తీసి చూసి, 'తొణకలేదే!' అంది ఆశ్చర్యంగా.

కాసేపాగి తనే అడిగింది... 'ఎండాకాలంలో సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటికొస్తుంది కదా నాయనా, అక్కడికీ పోదామా?'

- - -

బయల్దేరే ముందు...

* ఆత్మకూరు కర్నూలుకు సుమారు 70 కి.మీ. నందికొట్కూరు మీదుగా రావాలి. నంద్యాల నుంచైతే వెలుగోడు మీదుగా. ఆత్మకూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం దాదాపు 110 కి.మీ.

* అడవిలో రాత్రి ప్రయాణం కుదరదు. వెలుతురు ఉండగానే దాటేలా బయల్దేరండి. కోతులకు తిండి వేయొద్దు, ప్లాస్టిక్ పారేయొద్దు.

* కారు ప్రతి మూలనూ అదిమి వదలండి. ఒకటి రెండుసార్లకు మించి ఊగితే షాకబ్జర్లు చూపించాలి.

* టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉంచండి. తయారైన తేదీ చూడండి. గాడి ఉన్నా రబ్బరు గట్టిపడితే మార్చడమే మంచిది.

* మలుపులో కాదు, మలుపుకు ముందే బ్రేకు వేయండి.