బ్యాంకాక్: రెండు రోజులు చాలన్నారు

బ్యాంకాక్ వెళ్తున్నానని చెబితే మా వీధిలో ఇద్దరు ముగ్గురు అదోలా నవ్వారు. తక్కినవాళ్లు "రెండు రోజులు చాలు, మూడో రోజు పట్టాయా వెళ్లిపోండి" అన్నారు. టికెట్లు తీసిన ట్రావెల్స్ కుర్రాడు కూడా అదే లెక్కలో ఒక కాగితం రాసిచ్చాడు. పొద్దున రాజభవనం, మధ్యాహ్నం షాపింగ్ మాల్, సాయంత్రం నది మీద విందు పడవ, మర్నాడు సఫారీ పార్కు. నేను రాజభవనం ఉంచుకుని మిగతావన్నీ కొట్టేశాను. నదిని ఆనుకుని ఉన్న పాత ఊరు చూడాలన్నదే నా కోరిక.

హైదరాబాద్‌లో రాత్రి విమానమెక్కాను. ప్రయాణం నాలుగు గంటల లోపే. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది కాబట్టి ఆ గంటన్నరా నిద్రలోంచే పోయింది. కళ్లు మండుతుండగా సువర్ణభూమి విమానాశ్రయంలో దిగి, కింది అంతస్తులో రైలెక్కి ప్రతూనామ్ దగ్గర దిగాను. మనదేశం వాళ్లు ఎక్కువగా బస చేసే పేట అది. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా ఊరి అబ్బాయి స్టేషన్‌కు వచ్చాడు. "బాబాయ్, సాయంత్రం కారు జోలికి మాత్రం పోకు. రైలు, పడవ, కాళ్లు. ఈ మూడే నమ్ముకో" అన్నాడు. ఆ సాయంత్రమే గది కిటికీలోంచి కింది రోడ్డు చూశాను. ఒక సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు నేను స్నానం చేసి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది.

మర్నాడు స్కైట్రైన్‌లో నది దాకా వెళ్లి, నారింజ జెండా పడవెక్కాను. చావో ఫ్రాయా మన గోదావరంత వెడల్పు లేదు గానీ రద్దీ చాలా ఎక్కువ. ఇసుక బార్జీలు, ఆఫీసుకు వెళ్లేవాళ్ల పడవలు, పర్యాటకుల పడవలు ఒకదాన్నొకటి తప్పించుకుంటూ పోతున్నాయి. పాత రాజధాని అయుత్థయ 1767లో నేలమట్టమయ్యాక కొన్నేళ్లు రాజధాని ఈ నదికి పడమటి ఒడ్డున ఉంది. 1782లో తూర్పు ఒడ్డుకు మారింది. ఆ ఏడాది మొదలుపెట్టిన కోటలోనే రాజభవనం, దాని ఆవరణలోనే మరకత బుద్ధుడి గుడి ఉన్నాయి.

విదేశీయులకు టికెట్ 500 బాత్. భుజాలు, మోకాళ్లు కనబడే బట్టలతో లోపలికి రానివ్వరు. మరకత బుద్ధుడంటే పెద్ద విగ్రహమని అందరూ చెప్పారు. నిజానికి దాని ఎత్తు 66 సెంటీమీటర్లు. మరకతం కూడా కాదు, పచ్చటి జేడ్ రాయి. ఎత్తయిన బంగారు పీఠం మీద, జనం తలల మీదుగా చూడాలి. ఏడాదికి మూడుసార్లు రుతువును బట్టి ఆయనకు వస్త్రం మారుస్తారు. నేను వెళ్లింది ఆగస్టులో కాబట్టి వానాకాలపు వస్త్రంలో కనిపించాడు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఆ గుడి చుట్టూ ఉన్న వసారా. దాని గోడల పొడవునా 178 ఘట్టాల్లో రామకియన్, అంటే వాళ్ల రామాయణం, రంగుల్లో ఉంది. నా ముందు ఒక గైడు మనదేశపు కుటుంబానికి ఇంగ్లీషులో చెప్పుకుపోతున్నాడు. "ఇది మీ రామాయణమే, తేడా ఏమీ లేదు" అన్నాడు. వాళ్లు తలూపి ముందుకు సాగారు. నేను వెనకే ఉండిపోయాను. ఈ కథలో సీత రావణుడి కూతురు. సేతువు రాళ్లను సముద్రంలోంచి ఎత్తుకుపోయే మత్స్యకన్య కూడా అతని కూతురే. ఆమెను ఆపడానికి వెళ్లిన తెల్లని హనుమంతుడు ఆమెను ప్రేమిస్తాడు, వాళ్లకొక కొడుకు పుడతాడు. మా ఇంట్లో ప్రతి మంగళవారం సింధూరం పెట్టే స్వామిని ఆ గోడ మీద అలా చూసి మొదట ఇబ్బంది పడ్డాను. తర్వాత ఆ చిత్రకారుడి చేయి నచ్చింది. అలల మధ్య ఆ ఇద్దరి ముఖాల్లో భయం, ఇష్టం రెండూ పెట్టాడు. గుడి ద్వారాల దగ్గర కాపలా ఉన్న పన్నెండుమంది యక్షుల్లో పచ్చని దేహంతో ఉన్నవాడు రావణుడే. కిరీటంలో తలలు ఒకదాని మీద ఒకటి, చేతిలో గద. లంకలో మనం చంపుకున్నవాడికి ఇక్కడ బుద్ధుడి వాకిలి అప్పగించారు.

మధ్యాహ్నం వాన పడింది. "ఆగస్టులో పోతే గదిలోనే కూర్చోవాలి" అని ఊళ్లో భయపెట్టారు. గంటసేపు కుండపోతగా కురిసి ఆగిపోయింది. అవతలి ఒడ్డుకు దాటి వాట్ అరుణ్ చూశాను. పింగాణీ ముక్కలు పొదిగిన ఆ గోపురం దూరం నుంచే బాగుంది, దగ్గర ఫొటోల జనం. తిండికి పస్తులే అని కూడా అన్నారు. వంటల్లో చేపరసం నిజంగానే అంతటా ఉంది. కానీ పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న బండి కనబడితే నిశ్చింతగా తినొచ్చు. అక్కడ మాంసం, చేప మాత్రమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. కార్తీక మాసం పాటించేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

బ్యాంకాక్ కాలువలన్నీ పూడ్చి రోడ్లు వేశారని చాలామంది చెప్పారు. ప్రతూనామ్ వంతెన కింద మాత్రం సేన్ సేప్ కాలువ ఉంది. 1837లో తవ్వడం మొదలుపెట్టిన ఆ కాలువలో ఇప్పుడు ఉద్యోగుల పడవలు నడుస్తున్నాయి. పడవ రేవులో పట్టుమని నిమిషం ఆగలేదు. జనం తాడు పట్టుకుని దూకి ఎక్కారు, నేనూ అలాగే ఎక్కాను. నల్లటి నీళ్లు, మురుగు వాసన. ఎదురుగా ఇంకో పడవ వస్తే పక్కన కూర్చున్నవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ తెర పైకెత్తుతారు, నీళ్లు మీద పడకుండా. నా పక్కనున్న పెద్దావిడ ఒక చేత్తో తెర లాగుతూ రెండో చేత్తో మనవరాలి యూనిఫాం సర్దింది. హెల్మెట్ పెట్టుకున్న కండక్టరమ్మ పడవ బయటి అంచు మీద నడుస్తూ టికెట్లు కోసింది. ఇరుపక్కలా ఆరేసిన బట్టలు, పూలకుండీలు, ఒక మసీదు, వంటింటి కిటికీలు. నేను చూసిన బ్యాంకాక్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ కాలువ ప్రయాణమే. ట్రావెల్స్ కాగితంలో దీని పేరు లేదు.

చివరి రేవు ఫాన్ ఫా. అక్కడికి మా ఊరి అబ్బాయి కూడా వచ్చాడు, ఆరోజు సెలవు పెట్టుకున్నాడు. ఇద్దరం నడిచి పెద్ద ఉయ్యాల దగ్గరికి వెళ్లాం. ఎర్ర రంగు పూసిన టేకు స్తంభాలు నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాయి, ఉయ్యాల పీట లేదు. పాత చెక్క పాడైతే 2007లో ఫ్రే ప్రాంతపు టేకుమానులతో మళ్లీ నిలబెట్టారు. ఒకప్పుడు యువకులు దీని మీద అంతెత్తుకు ఊగి, వెదురుగడకు కట్టిన నాణేల సంచిని పళ్లతో అందుకునేవారు. 1935లో ఆ ఊగడం ఆపేశారు. కార్లు దాని చుట్టూ తిరిగి పోతున్నాయి.

"ఇదేదో గేటు అనుకున్నాను బాబాయ్, రోజూ ఇటే వెళ్తాను" అన్నాడు అబ్బాయి.

ఉయ్యాలకు దగ్గర్లోనే బ్రాహ్మణుల గుడి ఉంది, 1784 నాటిది. శివుడికి, వినాయకుడికి, విష్ణువుకి విడివిడిగా మూడు తెల్లటి మందిరాలు. వాకిలి దగ్గర చిన్న కొలను మధ్య బ్రహ్మ. మేం వెళ్లేసరికి మందిరాల తలుపులు మూసి ఉన్నాయి. ఆవరణ ఊడుస్తున్న పెద్దాయనతో అబ్బాయి థాయ్‌లో మాట్లాడి నాకు చెప్పాడు. రాజుగారి పట్టాభిషేకానికి, మే నెలలో దుక్కి పండుగకి ఈ పురోహితులే వెళ్తారట. ఆ పండుగలో ఎడ్ల ముందు వడ్లు, మొక్కజొన్న, నువ్వులు, గడ్డి లాంటి ఏడు రకాలు పెడతారు, అవి దేనికి మూతిపెడితే దాన్ని బట్టి ఆ ఏటి పంట చెబుతారు. నాకు మా తాతగారి ఏరువాక పున్నమి గుర్తొచ్చింది. వీళ్ల పూర్వీకులు రామేశ్వరం నుంచి వచ్చారని కూడా ఆ పెద్దాయన అన్నాడు. దాన్ని నేను ఎక్కడా సరిచూసుకోలేకపోయాను.

ఒక విషయం మాత్రం వెళ్లేముందే చదివి ఉన్నాను. ఉయ్యాల ఆగిపోయినా దాని పండుగ ఆగలేదు. ఏటా చలికాలంలో ఈ తలుపుల వెనకే జరుగుతుంది. దాని పేరులోనే తమిళ తిరువెంబావై, తిరుప్పావై ఉన్నాయి, అందులో పాడేవీ తమిళ పాటలే. తరాలు మారేకొద్దీ ఉచ్చారణ మారిపోయింది, అర్థం చెదిరిపోయింది, పాడటం మాత్రం మిగిలింది. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతానికి బదులు వినిపించేది ఆ తిరుప్పావైయే కదా అని అబ్బాయికి చెప్పాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లి, వచ్చే పండుగ ఎప్పుడు, బయటివాళ్లను రానిస్తారా అని అడిగాడు. తేదీ చంద్రుణ్ని బట్టి మారుతుందని, డిసెంబరులో వచ్చి కనుక్కోమని ఆయన చెప్పాడు. రానిస్తారా లేదా అన్నదానికి సూటిగా జవాబు రాలేదు.

"అమ్మ సంక్రాంతికి ఇక్కడికే వస్తోంది బాబాయ్" అన్నాడు అబ్బాయి, ఫోన్‌లో గుడి చిరునామా రాసుకుంటూ. "తిరుప్పావై ముప్ఫై పాశురాలూ ఆమెకు నోటికి వచ్చు. లోపలికి రానివ్వకపోతే వాకిట్లోనైనా నిలబెడతాను."