గేమింగ్ కార్డు బదులు ఒక వైరు

మా ఇంట్లో పిల్లల కోరికలకు ఒక పద్ధతి ఉంది. ఐదు వేలు దాటిన వస్తువు ఏదైనా అడిగితే, అది ఏ ఇబ్బందిని తీరుస్తుందో చెప్పాలి. ఆ ఇబ్బంది ఎంతుందో కొలిచి చూపించాలి. మార్కులు బాగా వచ్చాయనో, ఫలానావాడి దగ్గర ఉందనో అంటే కుదరదు.

ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా చిన్నోడు అడిగింది గేమింగ్ నెట్‌వర్క్ కార్డు. ధర ఆరున్నర వేలు. రాత్రి భోజనాలయ్యాక వాడు వాలరెంట్ అనే ఆన్‌లైన్ కాల్పుల ఆట ఆడతాడు. "నాన్నా, ముందు కాల్చేది నేను, చచ్చేదీ నేనే" అన్నది వాడి మొర. ఆ కార్డు పెడితే లాగ్, అంటే ఈ ఆలస్యం, పోతుందని డబ్బా మీద రాసి ఉందట.

నాది అకౌంట్స్ ఉద్యోగం. ఖర్చు ఎక్కువైందని ఎవరైనా అంటే నేను ముందు చేసే పని దాన్ని పద్దులవారీగా విడదీయడం. ఇక్కడా అదే చేశాం. మన కంప్యూటర్ నుంచి బయల్దేరిన సమాచారం ఆట నడిపే సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయమే పింగ్. సందడి లేని వేళల్లో వాడి ఆటలో అది 30 మిల్లీసెకన్ల దగ్గర కనిపిస్తోంది. ఆ 30 ఎక్కడెక్కడ ఖర్చవుతోంది?

పెద్ద పద్దు దారి ఖర్చు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరానికి రానూపోనూ 10 మిల్లీసెకన్లు. వాలరెంట్ సర్వర్ ముంబైలో ఉంది. హైదరాబాద్ నుంచి ముంబైకి సూటిగా కొలిస్తే 600 కిలోమీటర్ల పైచిలుకు కాబట్టి రానూపోనూ కనీసం 6 మిల్లీసెకన్లు తప్పవు. ఫైబర్ సూటిగా పోదు, మధ్యలో నెట్ కంపెనీల కేంద్రాలు ఎన్నో ఉంటాయి, అందుకే ఆ 6 కాస్తా ఇరవై పైకి చేరుతుంది. ఆట సింగపూర్ సర్వర్‌లో పడితే దూరమే 3,300 కిలోమీటర్లు. 33 మిల్లీసెకన్లు భౌతికశాస్త్రానికే కట్టాలి. ఈ పద్దును ఏ కార్డూ ముట్టుకోలేదు.

మరి కార్డు ముట్టుకునే పద్దు ఎంత? ఆట ప్రోగ్రామ్ నుంచి సమాచారం విండోస్ గుండా వైరు మీదకి ఎక్కేదాకా. మామూలుగా ఇది మైక్రోసెకన్ల లెక్క, వెయ్యి మైక్రోసెకన్లయితే ఒక మిల్లీసెకను. మొత్తం ముప్పైలో ఒకటి కూడా లేని చోట ఆరున్నర వేలు పెట్టమంటున్నారన్నమాట.

ఈ కార్డుల కథ అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో మొదలైంది. బిగ్‌ఫుట్ నెట్‌వర్క్స్ అనే చిన్న కంపెనీ 2006లో 'కిల్లర్ నిక్' అనే కార్డు తెచ్చింది. ధర సుమారు 280 డాలర్లు, అప్పటి మారకంలో 12 వేల రూపాయల పైమాటే. కార్డు మీదే 400 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 ఎంబీ మెమరీ, లోపల నడిచేది లైనక్స్. కంప్యూటర్‌లో ఇంకో చిన్న కంప్యూటర్. విండోస్ చేసే నెట్‌వర్క్ పనిని ఇది నెత్తిన వేసుకుని, అసలు ప్రాసెసర్‌ని ఆటకు వదిలేస్తుందని వాళ్ల వాదన. అందులో అబద్ధం లేదు. కానీ అదే ఏడు ఇంటెల్ కోర్ 2 డ్యుయో వచ్చింది. ఇంట్లోని ప్రాసెసర్‌లోనే రెండో కోర్ ఖాళీగా కూర్చున్నాక, నెట్‌వర్క్ పనికి విడిగా మనిషిని పెట్టుకోవడం దేనికి? అప్పట్లో పరీక్షించిన పత్రికలు కొన్ని ఆటల్లో కాస్త తేడా చూశాయి, అంత డబ్బుకు తగ్గంత కాదని తేల్చాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. 2011లో ఆ కంపెనీని క్వాల్‌కామ్ కొంది. తర్వాత ఆ పేరు రివెట్ నెట్‌వర్క్స్ చేతికి, 2020లో ఇంటెల్ చేతికి వెళ్లింది. ఇప్పుడు కిల్లర్ అన్నది ప్రధానంగా మదర్‌బోర్డుల్లో, ల్యాప్‌టాప్‌లలో ముందే బిగించి వచ్చే చిప్. ఏ పనికి ముందు వెళ్లే హక్కు ఇవ్వాలో చెప్పే సాఫ్ట్‌వేర్ దాని ప్రత్యేకత.

అయితే ప్రత్యేక నెట్‌వర్క్ కార్డులన్నీ దండగ అనలేను. షేర్ల వ్యాపారంలో అవి నిజంగా డబ్బు సంపాదిస్తాయి. ముంబైలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తన సర్వర్ల పక్కనే బ్రోకర్ల సర్వర్లకు అద్దెకు చోటిస్తుంది. అక్కడ వైరు పొడవు మీటర్లలో ఉంటుంది కాబట్టి దారి ఖర్చు దాదాపు లేదు. మిగిలిన ఖర్చంతా కార్డులోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. కొన్ని మైక్రోసెకన్లు మిగిలినా ఆర్డరు ముందు పడుతుంది. సోలార్‌ఫ్లేర్ లాంటి కార్డులు ఆపరేటింగ్ సిస్టమ్‌ని పక్కకు తప్పించి నేరుగా ప్రోగ్రామ్‌తో మాట్లాడేది అందుకే. కిల్లర్ నిక్ ఆలోచనకూ దీనికీ పోలిక ఉంది, కాకపోతే ఇది సర్వర్ పక్కనే కూర్చుంది. (ఫోన్‌లో ఇంట్రాడే చేసి ఆ యంత్రాల మీద గెలుస్తాననుకునే మా ఆఫీసు కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పి చూశాను. వినలేదు.)

ఇక మా ఇంటి సంగతికి వస్తే, చిన్నోడి చేత ఇంకో కొలత తీయించాను. కంప్యూటర్‌లో ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ తెరిచి 'పింగ్ 192.168.1.1 -టి' కొట్టమన్నాను. అది ఇంట్లోని రూటర్ చిరునామా. వాడి గదిలో కంప్యూటర్, హాల్లో రూటర్, మధ్య రెండు గోడలు, వైఫై పట్టుకోవడానికి ఓ చిన్న యూఎస్‌బీ ముక్క. తెర మీద వరుసలు దొర్లుతున్నాయి: 3, 2, 4, 3, ఉన్నట్టుండి 94, మళ్లీ 3, ఆ తర్వాత 180. ముంబై దాకా వెళ్లొస్తే 30 అయ్యేచోట, హాల్లోకి వెళ్లిరావడానికి 180. వాడిని చంపుతున్నవాడు ఇంట్లోనే ఉన్నాడు, పేరు వైఫై.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఇద్దరం వెళ్లాం. కార్డు చూపించమంటే కౌంటర్ దగ్గర ఉన్నాయన డబ్బా తీసి పెట్టాడు గానీ, "సార్, మీ బోర్డుకు గిగాబిట్ పోర్టు ఉంటది కదా, దాంట్ల వైర్ పెట్టి చూసిన్రా ముందు?" అని అడిగాడు. అమ్మకం పోగొట్టుకునే ప్రశ్న అడిగిన మనిషి దగ్గర ఏదో ఒకటి కొనకుండా రాలేం. ఇరవై మీటర్ల క్యాట్ 6 వైరు, నాలుగు కనెక్టర్లు తీసుకున్నాం.

మా వీధి ఎలక్ట్రీషియన్ గోడకు బెజ్జం వేసి వైరు దూర్చాడు. తర్వాత గడప మీద కూర్చుని తొడుగు చీరి, ఎనిమిది సన్న తీగలు విడదీశాడు. నారింజ గీతలది, నారింజ, పచ్చ గీతలది, నీలం, నీలం గీతలది, పచ్చ, గోధుమ గీతలది, గోధుమ. బొటనవేలితో సాపుచేసి, కొసలు సమంగా కత్తిరించి, కనెక్టర్‌లోకి తోసి పట్టకారుతో ఒక్క నొక్కు. వైరు, కూలీ అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. మళ్లీ అదే పింగ్ కొడితే అన్ని వరుసల్లోనూ ఒక మిల్లీసెకను కన్నా తక్కువ.

అయినా సాయంత్రాల గొడవ పూర్తిగా పోలేదు. మా అమ్మాయి ఆఫీసు ఫైళ్లు పంపుతుంటేనో, మా ఆవిడ ఫోన్ ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటేనో ముంబై పింగ్ 200 దాటేది. ఆ ఫైళ్లన్నీ రూటర్‌లో వరుస కట్టి నిలబడతాయి, వాటి వెనక ఆట నిలబడుతుంది. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెట్టిస్ అనే ఇంజినీరు 2010 ప్రాంతంలో ఈ జబ్బును అందరి దృష్టికీ తెచ్చాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే విరుగుడు చెప్పారు. గేమింగ్ కార్డు తన కంప్యూటర్‌లోని పనుల మధ్యే వరుస సరిచేయగలదు. పక్క గదిలో ఫోన్ చేసే పని దానికి తెలియనే తెలియదు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర ఇరుక్కున్నవాడికి కొత్త ఇంజను ఎంత ఉపయోగమో ఇదీ అంతే. మా రూటర్ సెట్టింగుల్లో ఆ క్యూ సర్దే ఏర్పాటు ఉంది. అప్‌లోడ్ హద్దును ప్లాన్‌లో ఉన్నదానికన్నా కాస్త తగ్గించి పెట్టాం. పైసా ఖర్చు కాలేదు. అందరి రూటర్లలోనూ ఇది ఉండదు, నెట్ వాళ్లిచ్చే డబ్బాల్లో మరీ అరుదు. కొత్త రూటర్ కొనేటప్పుడు యాంటెన్నాలు లెక్కపెట్టడం మాని దీని గురించి అడగడం మేలు.

ఈలోగా నెట్ కంపెనీ నుంచి ఫోన్. నెలకు 300 ఎక్కువ కడితే వేగం మూడింతలట. ఏడాదికి 3,600, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, మొత్తం 4,248. కార్డుకైతే ఒక్కసారి కట్టి ఊరుకోవచ్చు, ఇది ఏటేటా కదిలే పద్దు. ఇలాంటి ఆటకు కావలసిన బ్యాండ్‌విడ్త్ సెకనుకు ఒక మెగాబిట్ అటూఇటూ. సినిమాలు దించుకునేవారికి ఆ ప్లాన్ మంచిదే. పింగ్ కోసమైతే నాకు అక్కర్లేదన్నాను.

మిగిలిన డబ్బు వాడి పేరు మీదే ఉంచాను. ఇంకొంత కలిపి పండక్కి 144 హెర్ట్జ్ మానిటర్ తీసుకున్నాం. పాత 60 హెర్ట్జ్ తెర ఒక బొమ్మ మార్చడానికి 16.7 మిల్లీసెకన్లు తీసుకునేది, ఇది 6.9 తీసుకుంటుంది. దాదాపు 10 మిల్లీసెకన్ల ఆదా, కంటికి తెలిసే ఆదా. ఆ డబ్బుతో ఏ నెట్‌వర్క్ కార్డూ ఇవ్వలేనిది.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఈ కార్డు అడిగితే, ముందు వైరు పెట్టి రూటర్‌కి పింగ్ కొట్టించండి. వైరు మార్చినా, రూటర్‌లో ఇంకో పోర్టుకి పెట్టినా అంకెలు గెంతుతూనే ఉంటే మీ కంప్యూటర్ పోర్టు పాడైనట్టు అనుమానించవచ్చు. అప్పుడు మామూలు గిగాబిట్ కార్డు వెయ్యి రూపాయల దగ్గర దొరుకుతుంది, అది చాలు. వైరు లాగడానికి వీల్లేని అద్దె ఇల్లయితే 5 గిగాహెర్ట్జ్ పట్టే మంచి వైఫై కార్డుకు డబ్బు పెట్టండి. డబ్బా మీద 'గేమింగ్' అని రాసినందుకు మాత్రం అదనంగా ఏమీ ఇవ్వకండి.