అత్తగారి సోల

మా అత్తగారి ఆవకాయ లెక్క చాలా చిన్నది. ముక్కలు అయిదు సోలలు. కారం సోలెడు, ఆవపిండి సోలెడు, నూనె సోలెడు. ఉప్పు మాత్రం సోలకి కాస్త వెలితి. యాభై ఏళ్లుగా మా ఇంట్లో జాడీ నిండుతున్నది ఈ లెక్క మీదే. తమాషా ఏమిటంటే, దీనికి సోలే ఉండాలని లేదు. గ్లాసుతో కొలవండి, గిన్నెతో కొలవండి, అదే ఆవకాయ వస్తుంది. అన్నిటికీ ఒకే పాత్ర వాడితే చాలు.

చిక్కల్లా ఆ లెక్కని గ్రాముల్లోకి మార్చబోయినప్పుడే.

బెంగళూరులో ఉంటున్న మా అమ్మాయి కిందటి వేసవిలో సొంతంగా ఆవకాయ పెట్టింది. వాళ్లింట్లో సోల లేదు, ఎలక్ట్రానిక్ కాటా ఉంది. 'నానమ్మ అన్నీ సమానమే అంటుందిగా' అనుకుని కిలోన్నర ముక్కలకి కారం పావుకిలో, ఆవపిండి పావుకిలో, ఉప్పు పావుకిలోకి కాస్త తక్కువ తూచింది. నెల తిరక్కుండానే జాడీలో బూజు! కాయలు ఏరి తెచ్చుకుని, తుడిచి, ఆరబెట్టి, టెంకలతో సహా ముక్కలు కొట్టించుకుని, ఆ శ్రమంతా చెత్తబుట్ట పాలు. ఫోన్లో దాదాపు ఏడ్చేసింది.

"ఉప్పు చాల్లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు అత్తగారు. ఆవిడకిప్పుడు ఎనభై రెండేళ్లు.

"సమానంగానే వేసింది కదండీ?"

"సమానంగా కొలవమన్నాను గానీ, తూచమన్నానా?"

ఆ మాట తిరగేసి చూద్దామని కాటా, ఇత్తడి సోల ముందేసుకుని కూర్చున్నాను. సోల నిండా నీళ్లు పోస్తే 280 గ్రాములు. తలకొట్టి కొలిచిన కారం 130. ఆవపిండి 120. ఇక దంచిన కల్లుప్పు, ఆవిడ చెప్పిన వెలితితోనే, 250! అంటే కొలతలో సమానమైన ఉప్పు తూకంలో కారానికి ఇంచుమించు రెట్టింపు. పిండి, కారం పొల్లుగా ఉంటాయి, రేణువుల మధ్య గాలే ఎక్కువ. ఉప్పు అలా కాదు. మా అమ్మాయి జాడీలో పడింది కావలసినదాంట్లో సగం ఉప్పే. ఇక బూజు పట్టకేం చేస్తుంది?

ఉప్పులోనూ తేడాలున్నాయి. అదే వెలితితో ప్యాకెట్ మెత్తటి ఉప్పు కొలిస్తే 300 దాటింది. కారం కూరి కొలిస్తే ఇంకో ఇరవై గ్రాములు పట్టింది. నూనె 255. లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది చూడండి, నూనె నీళ్లకన్నా తేలిక.

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. మా అత్తగారు ఎక్కంలా అప్పజెబుతారు. మెట్రిక్ కొలతలకి 1956లో చట్టం వచ్చింది. 1962 నాటికి కిలోలు, లీటర్లు తప్పనిసరయ్యాయి. అంగడి మారింది గానీ మా వంటిల్లు మారలేదు. మారాల్సిన అవసరమూ రాలేదు, సోల ఇంట్లో ఉన్నన్నాళ్లూ.

కానీ సోల ఒక్కటే. మనవలు ముగ్గురు, మూడు ఊళ్లలో. అత్తగారి చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. అందుకే గ్రాముల లెక్క కాగితం మీద రాసి ముగ్గురికీ పంపాను. ముక్కలు 780 గ్రాములు, కారం 130, ఆవపిండి 120, దంచిన కల్లుప్పు 250, నూనె 255.

మీ ఇంట్లోనూ అలాంటి సోలో, గ్లాసో ఉంటే, దాంతో కొలిచే పెద్దావిడ ఉండగానే ఒకసారి కాటా మీద పెట్టి చూడండి. ఉప్పు ఏ రకమో కూడా రాసుకోండి.

పంపేముందు కాగితం చదివి వినిపిస్తే, అత్తగారు కింద ఇంకో వాక్యం రాయించారు. "మూడోనాడు కలిపేటప్పుడు నాలిక్కి వేసుకుని చూడండి. ఉప్పు కాస్త ముందుండాలి, ముక్క పీల్చుకుంటుంది." దానికి మాత్రం గ్రాములు లేవు.