కత్తిపీట దగ్గరే తేల్చేయండి వదినగారూ

ఆగండాగండి వదినగారూ! ఆ బీరపొట్టు అలా కవర్లోకి తోసేస్తున్నారేంటి? కాయలు ఎంత లేతగా ఉన్నాయో ఇక్కణ్ణించే కనిపిస్తోంది. ఈసారి కాయ మీద గట్టి ఈనెలు మాత్రం ముందు గీకేసి పారేయండి, అవి నోటికి పీచులా తగులుతాయి. తర్వాత తీసిన పొట్టంతా పచ్చడికే. చెంచాడు నూనెలో సన్నసెగ మీద వేయించండి. మూత పెట్టకండేం, నీరు పట్టేసి మెత్తబడిపోతుంది. పచ్చివాసన పోయి, అంచులు కాస్త ముడుచుకున్నాక దింపేయడమే. మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ పోపు పెట్టుకుని, ఆ పోపుతో పాటు ఉప్పూ చింతపండూ ముందు రోట్లో దంచి, పొట్టు చివర్లో వేసి కచ్చాపచ్చాగా నూరండి. వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటే అన్నయ్యగారు బీరకాయ కూర జోలికే వెళ్లరు.

కానీ కాయ కోయగానే చిన్న ముక్క నాలిక మీద పెట్టుకు చూడటం మాత్రం మర్చిపోకండి. చేదుంటే కాయా పొట్టూ అన్నీ పారేయాల్సిందే, డబ్బులు పోయాయని చూసుకోకూడదు. సొరకాయైనా అంతే. చేదు సొరకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. భారత వైద్య పరిశోధన మండలి కూడా అలాంటి రసం తాగొద్దనే చెప్పింది. బంగాళాదుంప మీద ఆకుపచ్చ తిరిగిన చోటూ, మొలకలూ కూడా లోతుగా కోసి తీసేయాలి.

నన్నడిగితే చెత్త సంగతి చెత్తబుట్ట దగ్గర తేలదండీ, కత్తిపీట దగ్గరే తేలిపోవాలి. ఒకసారి అన్నీ కలిసిపోయాక ఎవరు ఏరతారు చెప్పండి? కూరలు తరుగుతున్నప్పుడే పక్కన రెండు గిన్నెలు పెట్టుకోండి, ఒకటి మనం తినేవాటికి, ఇంకోటి మట్టికి. తోటకూర కాడలు పులుసులోకి, కొత్తిమీర కాడలు చారులోకి, ముల్లంగి ఆకు పప్పులోకి, పనస పిక్కలు ఉడకబెట్టి కూరలోకి. చింతపండు పిప్పి కూడా ఉంచుకోండి, కాస్త ఉప్పు కలిపి తోమితే రాగిచెంబు మెరిసిపోతుంది. పాలకవర్లూ, పప్పుల ప్యాకెట్లూ ఈ రెండు గిన్నెల దరిదాపులకి కూడా రాకూడదు.

ఏమన్నారు, ఆవుకి పెడతారనా? పెట్టండి, ఎవరొద్దన్నారు? కవరు ముడేసి గోడవార మాత్రం పెట్టకండి. నోరులేని జీవం, ముడెలా విప్పుకుంటుంది? కవరుతో సహా మింగేస్తుంది. అది అరగదు, బయటికీ పోదు, లోపలే ఉండలు కట్టుకుపోతుంది. తొక్కలు విడిగా, తాజాగా, ఓ పళ్లెంలో పెట్టండి. మిగిలిన అన్నం గంపెడు కుమ్మరించడం ఇంకా ప్రమాదం. ఒక్కసారిగా అంత అన్నం తింటే పొట్టలో పులిసిపోయి పశువు పడిపోతుంది, పెళ్లివారి మిగులు అన్నం తిని చచ్చిపోయిన ఆవులున్నాయి. మా అమ్మమ్మగారింట్లో కుడితి గోలెం ఉండేది. బియ్యం కడుగూ, కూరల తొక్కలూ అందులో పడేవి, అమ్మమ్మ దోసెడు తవుడు కలిపి గేదెకి పెట్టేది. గోలెంలో ఏం పడాలో, ఏం పడకూడదో ఆవిడకి తెలుసు, ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు.

మనకిప్పుడు గేదె లేదు కాబట్టి, మట్టి గిన్నెలోవి ఎరువు చేసుకోడానికి బకెట్టు. పాతదే చాలు, అడుగునా పక్కలా చిల్లులు పెట్టించండి. గుప్పెడు తొక్కలు వేస్తే పైన రెండు గుప్పెళ్ల ఎండుటాకులు పడాలి. మీ వేపచెట్టు రాల్చే ఆకు చాలు, రోజూ ఊడ్చి తగలబెడుతున్నారుగా, ఆ పని మానేయండి. వాసనొస్తోందంటే తడి ఎక్కువై గాలి ఆడట్లేదని అర్థం. అప్పుడు ఇంకాస్త ఆకు వేసి కలియబెట్టండి. పిడికిట్లో పట్టి పిండితే చేతికి తేమ తెలియాలి గానీ నీళ్లు కారకూడదు. అప్పుడప్పుడూ పుల్లమజ్జిగ చిలకరిస్తే తొందరగా మాగుతుంది. అన్నం, నూనె కూరలు, చేపముళ్లు, కోడి ఎముకలు వేశారా, ఎలుకలు దిగుతాయి. అవన్నీ మునిసిపాలిటీ బండికే, తడిచెత్త బుట్టలో. అన్నీ కుదిరితే రెండు మూడు నెలలకి నల్లగా పొడిపొడిగా వస్తుంది, వాన పడ్డ మట్టి వాసన వేస్తుంది.

బండివాళ్లే విడదీసుకుంటారులే అనుకోవద్దు వదినగారూ. ఆ కుర్రాడు ఒట్టిచేతులతో మన కవరు విప్పాలి. అందులో విరిగిన గ్లాసు ముక్కో, వాడేసిన బ్లేడో ఉంటే వాడి గతేంటి? తడీ పొడీ ఇంట్లోనే వేరు చేయాలని, ప్రమాదకరమైనవి విడిగా ఇవ్వాలని 2016 నాటి చెత్త నిబంధనల్లోనే చెప్పారు. సూర్యాపేటలో అంతకు చాలా ముందే చేశారు. ఇంటింటికీ వచ్చి తడీ పొడీ వేరుగా పట్టుకెళ్లి, తడిచెత్తతో వానపాముల ఎరువు చేసేవారు. అంత చిన్న ఊళ్లో జరిగిన పని మన వీధిలో ఎందుకు జరగదు? అన్నీ కలిపి గుట్ట పోస్తే అడుగున గాలాడక కుళ్లి మీథేన్ పుడుతుంది, గుట్టలు అంటుకుని రోజుల తరబడి రగిలేది దానివల్లే. ఆ పొగ పీల్చేది చుట్టుపక్కల బస్తీల్లో పసిపిల్లలు. అది తలుచుకుంటే నాకు తొక్క కూడా కవర్లో వేయబుద్ధి కాదు.

సరే, మీరు బకెట్టుకి చిల్లులు పెట్టించండి. సాయంత్రం గోడ మీంచే రెండు దోసిళ్ల పాత ఎరువు అందిస్తాను, అడుగున పరిచి మొదలెట్టండి, కొత్తది తొందరగా అందుకుంటుంది. ఆ బీరపొట్టు కూడా కవర్లోంచి తీసి ఇలా ఇచ్చేయండి, ఈ పూట పచ్చడి నేనే నూరి పంపిస్తాను.